అరపేజీలో లేని మనిషి

కచేరీకి వచ్చినవాళ్ల చేతిలో ఒక చిన్న పుస్తకం పెడతారు. ఆ రోజు వాయించబోయే సంగీతం వివరాలు అందులో ఉంటాయి. చివర్లో వాయించేవాళ్ల గురించి ఒక అరపేజీ ఉంటుంది. ఎక్కడ పుట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏయే ఊళ్లలో వాయించారు, ఏమేం బహుమతులు తెచ్చుకున్నారు, అన్నీ అందులోనే. నేను చెల్లో వాయిస్తాను. ఇరవై ఏళ్లకు పైగా దేశాలు పట్టుకుని తిరుగుతున్నాను కాబట్టి నా అరపేజీ నాకు చదవడం రాని భాషల్లో కూడా అచ్చయింది. చదవడం రాకపోయినా అందులో ఏముందో నాకు కంఠతా వచ్చు. రెండో వాక్యం ఇలా ఉండేది: హైదరాబాదులో పుట్టిన ఈమె పదిహేడేళ్ల వయసు దాకా ఏ గురువూ లేకుండా, తనంతట తానే చెల్లో నేర్చుకుంది.

అది అబద్ధం. పత్రికలవాళ్లు పుట్టించింది కాదు, నా ఏజెంటు అల్లింది కాదు. నా నోట్లోంచి వచ్చిందే.

నాకు గురువు ఉన్నారు. ఎనిమిదో ఏట నుంచి పదిహేడో ఏట వరకు తొమ్మిదేళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నాను, సగం ఫిల్మ్‌నగర్ రికార్డింగ్ థియేటర్లో, సగం బోరబండలో ఆయన ఇంట్లో. ఆయన పేరు ఇక్కడ కూడా రాయడం లేదు. ఎందుకు రాయడం లేదో చివర్లో చెబుతాను. ముందే చెబితే మీరు నన్ను క్షమించేసే ప్రమాదం ఉంది.

మా నాన్న ఒక సినిమా ఎడిటరు దగ్గర అసిస్టెంటు. మాది గుంటూరు వైపు. నేను పుట్టకముందే అమ్మానాన్నలు సినిమా పరిశ్రమ వెనకాలే మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చి శ్రీనగర్ కాలనీలో ఒక మేడమీద వాటాలో అద్దెకు దిగారు. అమ్మ స్కూల్లో పాఠాలు చెప్పి, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పేది. స్కూలు వదిలాక నన్ను ఎక్కడ ఉంచాలో తెలియక నాన్న తనతో పాటు ఎడిటింగ్ రూముకు తీసుకుపోయేవాడు. నేను కుదురుగా కూర్చునే పిల్లను కాను. మూడో రోజుకే ఎడిటరుగారు, "అమ్మాయిని కాసేపు బయట ఆడుకోనివ్వవయ్యా" అన్నారు. అంటే గెంటేశారని అర్థం. బయటంటే ఏముంది, ఎండలో కాలే బండరాళ్లు, నిలువుగా దిగిపోయే రోడ్డు, పక్కనే రికార్డింగ్ థియేటరు. లోపల ఏసీ ఉంటుందని నేను థియేటర్లోకి దూరాను.

హాల్లో వయొలిన్లవాళ్లు వరుసగా కూర్చుని ఉన్నారు. వాళ్ల వెనక, గోడవార, పెద్ద ఫిడేలు లాంటి చెల్లో ఒకటి కాళ్ల మధ్య నిలబెట్టుకుని ఒకాయన ఒంటరిగా కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా, చెవి వెనక పెన్సిలు, విప్పి పక్కన పెట్టుకున్న చెప్పులు. రికార్డింగ్ మొదలవబోతోందని తలుపు మీద ఎర్రలైటు వెలిగింది. నేను ఎటు పోవాలో తెలియక బిక్కమొహం వేశాను. ఆయన చేత్తో సైగ చేసి పిలిచి, చెవిలో చెప్పినంత మెల్లగా, "చప్పుడు చెయ్యకు పిల్లా. గీడ కూసో. గీడ చెయ్యి పెట్టు" అన్నారు.

ఆ చెక్క వెనక భాగం మీద నా అరచెయ్యి పెట్టించారు. కాసేపటికి ఆయన వాయించడం మొదలుపెట్టారు. ఆ స్వరం నాకు చెవుల్లోంచి రాలేదు. చేతిలోంచి మోచేతికి, అక్కడి నుంచి దవడల్లోకి వచ్చింది. ఏడుపు వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లకి ఏ కష్టమూ లేకుండా ఏడుపెందుకు రావాలో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ ఆ రోజు నుంచి నాకు వేరే ఏదీ నచ్చలేదు.

నాన్న వెతుక్కుంటూ వచ్చి కంగారు పడిపోయాడు. "మా అమ్మాయి మిమ్మల్ని విసిగిస్తోందేమోనండీ మాస్టారూ. ఏమీ అనుకోకండి."

"ఏం లేదు సార్. బిడ్డ మంచిగ విన్నది. రేపు గూడ తోల్కరాండ్రి."

అలా మొదలైంది. మా ఇంట్లో ఆయన్ని మాస్టారు అనేవాళ్లం, బోరబండలో అందరూ సార్ అనేవాళ్లు. నేను ఆయన ముందు సార్ అనేదాన్ని, ఇంటికొచ్చి మాస్టారు అనేదాన్ని. ఆయన యువకుడిగా ఉన్నప్పుడు సికింద్రాబాదులో ఒక చర్చిలో ఆర్గన్ వాయించే పెద్దాయన దగ్గర చెల్లో నేర్చుకున్నారట. ఆ చర్చి సామాన్ల గదిలో చెక్క ఊడిపోయి పడి ఉన్న ఒక చిన్నపిల్లల చెల్లోని అడిగి తెచ్చి, నెల రోజులు కూర్చుని బంక పెట్టి అతికించి, తీగలు బిగించి నాకు ఇచ్చారు. దాని మెడ మీద బంక కారి గట్టిపడిన గీత ఒకటి ఉండేది. నా బొటనవేలు ఎప్పుడూ అక్కడే ఆగేది.

సినిమాలకు వాయించే పనిలో ఒక విచిత్రం ఉంది. పొద్దున్నే పిలిచి, రోజంతా కూర్చోబెట్టి, చెల్లో చేత ఎనిమిది బార్లు వాయింపించేవారు. సంగీతం కాగితం మీద నిలువు గీతల మధ్య గదులు గదులుగా ఉంటుంది, వాటినే బార్లంటారు. చెల్లోకి అన్నీ ఖాళీ గదులే. పాడేవాళ్లు పాడతారు, వయొలిన్లు వాయిస్తాయి, చెల్లో కూర్చుని లెక్కపెడుతూ ఉంటుంది. సార్ కాలి బొటనవేలితో నేల మీద తట్టుకుంటూ లెక్కపెట్టేవారు. నలభై ఖాళీ బార్లయినా, అరవై అయినా సరే, ఎవరు ఏం మాట్లాడుతున్నా ఆ వేలు తప్పేది కాదు. ఖాళీలు అయిపోయి మళ్లీ అందుకోవాల్సిన చోట కాగితం మీద పెన్సిలుతో చిన్న కొక్కెం లాంటి గుర్తు పెట్టుకునేవారు. నాకు మొట్టమొదట నేర్పింది స్వరాలు కాదు, ఆ కొక్కెమే.

"వాయించుడు ఎవలన్న వాయిస్తరు బిడ్డా. ఆగుడు ఉన్నది సూడు, ఆగినంక సరిగ్గ టైముకు అందుకునుడు, గది అసలు పని. నువ్వు అందుకోకపోతే నీకోసం ఎవ్వలు ఆగరు. పాట ముందుకు పోతది."

ఆయన భార్య సరదా మనిషి. ఆదివారాలు నాన్న స్కూటరు మీద నన్ను బోరబండ గుట్ట కింద దింపిపోతే, మెట్లెక్కి పైకి వెళ్లేసరికి గుమ్మంలో బియ్యం ఏరుతూ కనిపించేది. సినిమాల్లో చెల్లో అవసరమయ్యేది ఏడుపు సీన్లకే. హీరోయిన్ తండ్రి పోయినా, తల్లి పోయినా సార్‌కి కబురొచ్చేది. "సినిమాల ఎవలో ఒగలు సస్తెగాని మా ఇంట్ల పొయ్యి ఎలగదమ్మా" అని నవ్వేది ఆమె. నేను వాయిస్తుంటే వాళ్ల చిన్నపిల్ల, నాకన్నా ఏడేళ్లు చిన్నది, చెల్లో కింద చాప మీద నిద్రపోయేది. లేపడానికి ప్రయత్నించి ఓడిపోయేదాన్ని. కిటికీలోంచి కిందుగా పోయే రైలు కనిపించేది. రైలు కూత వేస్తే సార్ నన్ను ఆపేవారు కాదు. ఇంకొంచెం గట్టిగా వాయించమనేవారు.

సినిమాల్లో మొదట అందరి పేర్లూ వేస్తారు. సంగీత దర్శకుడి పేరు తెర నిండా పడుతుంది. వాయించినవాళ్ల పేర్లు ఎక్కడా పడవు. సార్ వాయించిన సినిమాలు ఎన్నో నాకు తెలియదు, ఆయనకీ తెలిసి ఉండదు. ఒకసారి మా నాన్న పని చేసిన సినిమాకి మా రెండు కుటుంబాలూ కలిసి వెళ్లాం. నాన్న పేరు చిన్న అక్షరాల్లో, పది పేర్ల మధ్య, కళ్లు ఆర్పేలోపు వచ్చి పోయింది. మేం చప్పట్లు కొట్టాం. సార్ కూడా కొట్టారు. తర్వాత రెండున్నర గంటలు ఆయన చెల్లో వినిపిస్తూనే ఉంది. చివర్లో దీపాలు వెలిగాక ఆయన లేచి, "మంచిగున్నది సినిమా" అన్నారు. అంతే.

నాకు పదహారు దాటాక ఒక విదేశీ వాద్యకారుడు హైదరాబాదు వచ్చి నా వాయింపు విన్నాడు. తమ దేశంలో సంగీత కళాశాలలో సీటు, చదువుకు సాయం ఇప్పించాడు. వెళ్లేముందు బోరబండ వెళ్లి సార్ కాళ్లకు దండం పెట్టాను. ఆయన నా వైపు చూడకుండా తీగలు తుడుస్తూ ఒక మాట అన్నారు.

"ఆడ కచేరీల కాయిదాలు ఇస్తరంట గద, ఎవలి తాన నేర్సుకున్నరో రాస్తరంట. చర్చి సార్ చెప్పేటోడు. నా పేరు ఏ సినిమాల పడలె. నీ కాయిదంల పడాలె బిడ్డా. గదొక్కటే."

తొమ్మిదేళ్లలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. నేను గట్టిగా తల ఊపాను. నాకు అది ఎంత చిన్న విషయం అనిపించిందంటే, మాట కూడా ఇవ్వలేదు.

ఆ దేశంలో మొదటి పాఠం రోజున నా కొత్త గురువుగారు నా కమాను పట్టుకునే తీరు చూసి ఆగిపోయారు. సార్ కమానుని కింద పిడి దగ్గర కాకుండా రెండు వేళ్ల మేర పైకి పట్టుకునేవారు. స్టూడియోలో మైకు ముక్కు ముందే ఉంటుంది, మెత్తగా, సన్నగా, గాలి వదిలినట్టు వాయించాలి. దానికి ఆ పట్టు సరిపోయేది. కచేరీ హాల్లో ఆ శబ్దం మూడో వరుస కూడా దాటదు. కొత్త గురువుగారు నా వేళ్లు ఒక్కొక్కటే విప్పి, ఇది నీకు ఎవరు నేర్పారని అడిగారు. తిట్టినట్టు కూడా కాదు, జాలిగా అడిగారు. గదిలో ఇంకో నలుగురు విద్యార్థులున్నారు. వాళ్లందరికీ ఐదారు తరాల గురువుల పేర్లున్నాయి. నేను సినిమా స్టూడియోలో, ఏడుపు సీన్లకు వాయించే మనిషి దగ్గర, గుట్ట మీద రెండు గదుల ఇంట్లో నేర్చుకున్నానని చెప్పాలి.

"ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను" అన్నాను.

ఆయన కనుబొమలు పైకి లేచాయి. జాలి పోయి ఆశ్చర్యం వచ్చింది. ఎవరూ నేర్పకుండానే ఇంత వాయిస్తుందా ఈ పిల్ల అని. ఆ ఆశ్చర్యం నాకు బాగా నచ్చింది. భాష రాక, కంగారులో అలా అనేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కంగారు కాదు. సిగ్గుపడ్డాను. ఆయన్ని చూసి సిగ్గుపడ్డాను.

తర్వాత ఆ మాట నన్ను వదల్లేదు. మొదటి బహుమతి వచ్చినప్పుడు పత్రికలవాళ్లు దాన్నే పట్టుకున్నారు. ఏజెంటు దాన్నే అరపేజీలో రెండో వాక్యంగా పెట్టాడు. ఆ వాక్యాన్ని చూసే నన్ను పిలిచిన ఊళ్లు ఉన్నాయి. పాత పట్టు వదిలించడానికి కొత్త గురువుగారికి రెండేళ్లు పట్టింది. కానీ ఆయన కూడా, పెద్దపెద్ద వాద్యబృందాల నిర్వాహకులు కూడా మెచ్చుకున్నది ఒకటుంది. వంద మంది వాద్యకారుల మధ్య, ఎంతసేపు ఖాళీగా కూర్చున్నా, నేను అందుకోవాల్సిన చోట రవ్వంత కూడా తప్పను. ఇది ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదేమో. గౌను కింద నా కాలి బొటనవేలు నేల మీద తట్టుకుంటూనే ఉండేది.

రెండు మూడేళ్లకోసారి హైదరాబాదు వచ్చేదాన్ని. వచ్చినప్పుడల్లా బోరబండ వెళ్లేదాన్ని, మంచి తీగలు తీసుకెళ్లి ఇచ్చేదాన్ని. సార్ ఒక్కటే అడిగేవారు.

"నీ కాయిదాలు తేలేదా బిడ్డా?"

"మర్చిపోయాను సార్. ఈసారి తెస్తాను." ఫొటోలు చూపించేదాన్ని. ఆయన ప్రతి ఫొటోలో నా కుడిచేతినే చూసేవారు. పట్టు మారిందని ఆయనకు మొదటి ఫొటోలోనే తెలిసింది. "కింద పట్టుకున్నవ్. మంచిది. పెద్ద హాల్‌కు గట్లనే ఉండాలె" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఈలోగా ఆయనకు పిలుపులు తగ్గిపోయాయి. కీబోర్డులో మీట నొక్కితే చెల్లో వస్తున్నప్పుడు మనిషిని పిలిచి రోజంతా కూర్చోబెట్టడం ఎందుకు అనుకున్నారు. రికార్డింగ్ థియేటరు మూతపడింది. ఇప్పుడక్కడ అద్దాల గోడల కాఫీ షాపు ఉంది, బయట కార్లలో డ్రైవర్లు నిద్రపోతుంటారు. మా నాన్న పోయాడు, సార్ భార్య పోయింది. పిలుపులు పూర్తిగా ఆగిపోయాక కూడా సార్ రోజూ పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని, చెల్లో ముందు కూర్చునేవారట. వాయించేవారో, ఖాళీ బార్లు లెక్కపెట్టేవారో నాకు తెలియదు.

పోయిన ఏడాది జూబ్లీ హిల్స్‌లో నా కచేరీ పెట్టారు. సొంత ఊళ్లో అదే మొదటిది. బోరబండకు కారు పంపించాను. మొదటి వరుసలో ఆయనకు, ఆయన కూతురికి రెండు కుర్చీలు ఉంచమని నిర్వాహకులకు చెప్పాను. చెప్పి గొప్ప పని చేసినట్టు అనుకున్నాను. మేకప్ గదిలో కూర్చున్నాక ఎవరో ఆ చిన్న పుస్తకం తెచ్చి ఇచ్చారు. ఏజెంటు ఆఫీసు నుంచి ఎప్పటి అరపేజీనే వచ్చింది. రెండో వాక్యం అలాగే ఉంది. ముందే మార్పించి ఉండాల్సింది. నిజం చెప్పాలంటే నాకు ముందే గుర్తుకు వచ్చింది, అయినా మార్పించలేదు. అప్పుడు నా మనసులోకి వచ్చిన మాట ఇది: సార్‌కి ఇంగ్లీషు రాదు కదా.

నా బతుకులో అంతకన్నా నీచమైన మాట ఇంకొకటి అనుకోలేదు. ఆయన కూతురి సంగతి అసలు తట్టనే లేదు. చెల్లో కింద చాప మీద నిద్రపోయే ఆ పిల్ల ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక కాల్ సెంటర్లో రోజంతా దేశదేశాలవాళ్లతో ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. అది నాకు తెలుసు. బోరబండ అనగానే ఆ తెలిసింది కూడా మర్చిపోయాను.

ఆ రోజు బాగా వాయించాను. కచేరీ అయ్యాక సినిమా కుటుంబాలవాళ్లు, వ్యాపారులు చుట్టూ చేరి ఫొటోలు తీసుకున్నారు. అందరూ వెళ్లేదాకా సార్ మొదటి వరుసలోనే కూర్చుని ఉన్నారు. చెవులు బాగా తగ్గిపోయాయి ఆయనకు. నేను వంగి చెవి దగ్గర, "వినిపించిందా సార్?" అని అడిగాను.

"నేల మీద కాలు పెట్టుకున్న బిడ్డా. పాదాలకెళ్లి విన్న." పుస్తకం ఆయన చేతిలో గొట్టంలా చుట్టి ఉంది.

మర్నాడు పొద్దున ఇంటికి రమ్మన్నారు. వెళ్లాను. మెట్లు అవే, కిటికీ అదే, కింద రైలు అదే. కూతురు టీ పెడుతోంది. సార్ మంచం మీద కూర్చుని, దిండు కింద నుంచి పుస్తకం తీసి, చివరి పేజీ విప్పి నా చేతికిచ్చారు.

"జర చదివి చెప్పు బిడ్డా. ఇంగిలీసు నాకు రాదు గద."

చదవడం మొదలుపెట్టాను. ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ పోయాను. మొదటి వాక్యం ఉన్నదున్నట్టు చెప్పాను. రెండో వాక్యం దగ్గరకు వచ్చాక, "హైదరాబాదులో పుట్టిన ఈమె తొమ్మిదేళ్లపాటు..." అంటూ ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పి, "...గారి దగ్గర చెల్లో నేర్చుకుంది" అన్నాను.

ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని విన్నారు. "మల్ల చదువు."

మళ్లీ చదివాను. ఈసారి గొంతు కూడా తడబడలేదు. అబద్ధం రెండోసారికి అలవాటైపోతుంది.

"ఆడ ఉన్నదా గట్ల?"

"ఉంది సార్."

"ఏడున్నదో చూపెట్టు."

రెండో వాక్యం మీద వేలు పెట్టాను. ఆయన పుస్తకాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకుని, నా వేలు ఉన్న చోటు చాలాసేపు చూశారు. తర్వాత దాన్ని జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "మంచిగున్నది" అన్నారు, ఆనాడు సినిమా హాల్లో అన్నట్టే. కూతురు టీ గ్లాసులు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చి నిలబడిందో నేను చూడలేదు.

ఆమె నన్ను కారు దాకా దింపడానికి మెట్లు దిగి వచ్చింది. కారు తలుపు దగ్గర ఆగింది.

"రాత్రి ఇంటికొచ్చినంక నేను చదివి చెప్పిన అక్కా. ఉన్నదున్నట్టు చెప్పిన. అండ్ల ఏమున్నదో నాకు ముందుగాల ఎరుక ఉంటే చెప్పకపోదును."

నేను కారు తలుపు పట్టుకుని నిలబడిపోయాను. "అంటే సార్‌కి తెలుసా? తెలిసే అడిగారా?"

"తెలుసు."

"మరి ఎందుకు అడిగారు?"

"నాకు తెల్వదు అక్కా. మీ నోట ఎట్లొస్తదో వినాలనుకున్నడు కావచ్చు." ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "మీరు కాయిదం చూసుకుంట చదివిండ్రు. నేను నాయిన మొఖం చూసిన."

ఆ మొహంలో ఏం కనిపించిందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ రోజే ఏజెంటుకు రాశాను, రెండో వాక్యం మార్చాలని, కొత్త వాక్యం ఇదీ అని. అతను మర్యాదగానే జవాబిచ్చాడు. ఈ ఏడాది పుస్తకాలన్నీ అచ్చుకు వెళ్లిపోయాయి. పైగా ఇన్నేళ్లుగా చెబుతున్న కథ ఉన్నట్టుండి మారిస్తే ప్రశ్నలు వస్తాయి. తొందరేముంది, వచ్చే ఏడాది నిదానంగా చూద్దాం అన్నాడు. నేను పోట్లాడి ఉండొచ్చు. హోటల్లో దిండు మెత్తగా లేకపోతే పోట్లాడే మనిషిని నేను. అప్పుడు మాత్రం సరే అన్నాను.

నాలుగు నెలలకు సార్ పోయారు. పొద్దున స్నానం చేసి, చొక్కా వేసుకుని, చెల్లో ముందు కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. నాకు కబురు తెలిసేటప్పటికి నేను ఇంకో ఊళ్లో రిహార్సల్లో ఉన్నాను. చెల్లోకి పక్కన ఇంకో టికెట్ కొని, సీటు బెల్టు పెట్టి, ప్రతి ప్రయాణంలోనూ నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను. ఆ సీట్లో ఒక్కసారైనా సార్‌ని కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి ఉండొచ్చు, చెల్లో ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఆ సంగతి హైదరాబాదు వచ్చే విమానంలో పక్కన ఖాళీగా ఉన్న సీటు చూశాక గాని తట్టలేదు. ఆ ఒక్క ప్రయాణానికి నేను చెల్లో తీసుకురాలేదు.

పదకొండో రోజుకు చేరాను. ఈసారి చేతిలో కాగితం ఉంది. అరపేజీ మొత్తం నేనే తిరగరాసి, మొదటి వాక్యంలోనే ఆయన పేరు పెట్టి, అచ్చు వేయించి తెచ్చాను. ఏజెంటుని అడగలేదు, చెప్పాను. ఒప్పుకున్నాడు. చూస్తే అంత తేలిక పని అది. దండ వేసిన ఫొటో ముందు ఆ కాగితం పెట్టాను. వచ్చినవాళ్లు భోజనాలు చేసి వెళ్లిపోయాక, కూతురు దాన్ని తీసి నిలబడే చదివింది.

"ఇది అచ్చు వెయ్యకండ్రి అక్కా."

"నిజమే కదమ్మా అది. ఇన్నాళ్లకైనా..."

"నిజమే. నాయిన ఉన్నప్పుడు వెయ్యాలె. గిప్పుడు వేస్తే అది నాయిన కోసం కాదు, మీ కోసం. మీ మనసు నిమ్మళమైతది. నాయిన పేరు ఇంక ఏడ రాయకండ్రి. నేను అడుగుతున్న."

ఆమె ఆ మాట నెమ్మదిగా, కాల్ సెంటర్లో ఎవరికో సర్దిచెబుతున్నంత మర్యాదగా అంది. అందుకే ఆయన పేరు ఇక్కడ లేదు. మిగతావాళ్ల పేర్లలో ఏది రాసినా, నా పేరు రాసినా ఆయన పేరు, ఆమె ఇంటి అడ్రసు కూడా తెలిసిపోతాయి కాబట్టి అవి కూడా లేవు. అరపేజీలోంచి అబద్ధం మాత్రం తీసేశాను. ఇప్పుడు రెండో వాక్యంలో హైదరాబాదులో పుట్టిందని ఉంటుంది, మూడో వాక్యంలో పదిహేడో ఏట విదేశానికి వెళ్లిందని ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నేను బయల్దేరబోతుంటే ఆమె లోపలికి వెళ్లి, మడిచిన పుస్తకం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. జూబ్లీ హిల్స్ కచేరీది. ఆయన పోయిన రోజున కూడా చొక్కా జేబులో ఇదే ఉందట. మడతల దగ్గర కాగితం చిరగడానికి వచ్చింది. చెమటకు అక్షరాలు కొన్ని అలుక్కుపోయాయి. కారులో కూర్చున్నాక చివరి పేజీ విప్పాను.

రెండో వాక్యం పక్కన, ఆ రోజు నేను వేలు పెట్టిన చోట, పెన్సిలుతో గీసిన చిన్న కొక్కెం ఉంది. ఆయన స్టూడియోలో కాగితాల మీద పెట్టుకునేదే, నాకు ఎనిమిదో ఏట మొట్టమొదట నేర్పిందే. ఖాళీలు అయిపోయాయి, ఇక్కడ అందుకో అని.

ఆయన తప్పు పట్టలేదు. నేను అందుకోవాల్సిన చోటు చూపించి కూర్చున్నారు. నాలుగు నెలలు ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆగారు. నేను అందుకోలేదు.